ఆందోళనపడే పిల్లలకు బడి మొత్తం అండగా ఉండటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగ, భయం, గాబరాతో ఇబ్బందిపడే పిల్లల గురించి టీచర్లు, హెచ్‌ఎంలు, వార్డెన్లు, తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్ని దృష్టిలో పెట్టుకుని రాశాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఒక కౌన్సిలర్‌ని పెట్టుకుంటే సరిపోదా? బడి మొత్తం ఎందుకు?

సరిపోదు. కౌన్సిలర్ ఒక పిల్లతో వారానికి ముప్పావుగంట మాట్లాడగలరు. మిగతా వారమంతా ఆ పిల్ల గడిపేది తరగతిలో, బస్సులో, భోజనాల వరసలో, గ్రౌండ్‌లో. లెక్కల పీరియడ్‌లో రోజూ అందరి ముందూ నిలబెట్టి అడుగుతుంటే, బస్సులో పెద్దపిల్లలు ఏడిపిస్తుంటే, కౌన్సిలర్ నేర్పిన ధైర్యం సాయంత్రానికి మిగలదు. అందుకే పనిని మూడు అంచెలుగా చేయాలి. మొదటి అంచె అందరికీ: అవమానించని తరగతి, ముందే తెలిసే టైంటేబుల్, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి, తనను పేరుపెట్టి పలకరించే ఒక పెద్దమనిషి. రెండో అంచె కొందరికి: బెరుకు కనిపిస్తున్న పిల్లలకు చిన్న గుంపుల్లో సాధన, వారానికోసారి క్లాస్ టీచర్ పలకరింపు. మూడో అంచె ఒకరిద్దరికి: డాక్టరు లేదా సైకాలజిస్టు చికిత్స, దానికి తగ్గట్టు బడిలో ఏర్పాట్లు. మొదటి అంచె సరిగా లేని బడిలో మూడో అంచెకు వచ్చే పిల్లలు పెరుగుతూ పోతారు.

మాది చిన్న ప్రభుత్వ బడి. కౌన్సిలర్ లేరు, డబ్బు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లో మొదలైంది. దాని ప్రకారం బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మేడం, ఒక సార్, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొందాలి. అందులోని 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. మీ బడిలో ఆ ఇద్దరు ఎవరో ముందు చూడండి. చాలాచోట్ల పేర్లు ఉంటాయి గానీ ఆ పేర్లు పిల్లలకు తెలియవు. అసెంబ్లీలో వాళ్ళను పిల్లలకు పరిచయం చేయడానికి పైసా ఖర్చు కాదు.

ఆ తర్వాత ఒక నెల రోజులు మూడు పనులు చేయండి. ప్రతి క్లాస్ టీచరూ హాజరుపట్టీ ముందు పెట్టుకుని, "ఈ పిల్ల కష్టమొస్తే బడిలో ఎవరికి చెప్పుకుంటుంది?" అని ఒక్కో పేరు దగ్గరా ఆలోచించాలి. జవాబు తట్టని పిల్లల్ని టీచర్లు పంచుకుని, రోజుకు రెండు నిమిషాలు మార్కుల ఊసు లేకుండా మాట్లాడాలి. లైబ్రరీలోనో స్టాఫ్ రూం పక్కనో ఒక మూల ఖాళీచేసి, గాబరా వచ్చిన పిల్ల పది నిమిషాలు కూర్చునే చోటుగా పెట్టండి. ఆయా, వాచ్‌మన్, వంటమనిషి, బస్సు డ్రైవర్‌తో ఒక గంట కూర్చోండి. ఏ పిల్ల ఒంటరిగా తింటోందో, ఎవరు గేటు దగ్గర ఏడుస్తున్నారో మొదట చూసేది వాళ్ళే.

సుప్రీంకోర్టు ఏవో మార్గదర్శకాలిచ్చిందట. అవి మా బడికి వర్తిస్తాయా?

వర్తిస్తాయి. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన మార్గదర్శకాలు ప్రభుత్వ, ప్రైవేటు బడులకూ, కాలేజీలకూ, కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్ళకూ వర్తిస్తాయి. చట్టం వచ్చేదాకా వీటిని పాటించాల్సిందే. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సిలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. టెలీ మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో కనబడేలా పెద్ద అక్షరాలతో పెట్టాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానాలనీ చెప్పింది. మా దృష్టిలో అన్నిటికంటే ముందు అమలుచేయాల్సింది ఇదే.

## గుర్తించడం

మామూలు భయమా, పట్టించుకోవాల్సిన ఆందోళనా? తేడా ఎలా తెలుస్తుంది?

మూడు విషయాలు చూడండి. ఎన్నాళ్ళుగా ఉంది? సందర్భానికి మించి ఉందా? దానివల్ల ఏం ఆగిపోయింది? మూడోది అన్నిటికంటే ముఖ్యం. పరీక్ష ముందు చేతులు చల్లబడినా పరీక్ష రాసి వచ్చి ఆడుకుంటున్న పిల్లాడికి ఉన్నది మామూలు భయం. ఆ భయంతో తినడం, నిద్ర, ఆట, స్నేహం, బడి వీటిలో ఏదైనా ఆగిపోతే అది పట్టించుకోవాల్సిన ఆందోళన. డాక్టర్లు జబ్బు పేరు పెట్టడానికి గడువులు చూస్తారు: అమ్మానాన్నల్ని వదిలి ఉండలేకపోవడానికి 4 వారాలు, నలుగురిలో భయానికీ, అన్నిటికీ ఆందోళనపడటానికీ 6 నెలలు. సాయం మొదలుపెట్టడానికి బడి ఆ గడువులు నిండేదాకా ఆగనక్కర్లేదు.

రోజూ పొద్దున కడుపునొప్పి అంటుంది, బడి టైం దాటగానే తగ్గిపోతుంది. నాటకమేనా?

కాదు. భయపడినప్పుడు శరీరం రక్తాన్ని కండరాల వైపు మళ్ళిస్తుంది, జీర్ణక్రియ గాడి తప్పుతుంది. కడుపులో మెలిపెట్టడం, వికారం, విరేచనం నిజంగానే వస్తాయి. భయపెట్టే గంట దాటాక నొప్పి కూడా నిజంగానే తగ్గుతుంది. "దొంగ నొప్పి" అంటే పిల్ల నొప్పి చెప్పడం మానేస్తుంది గానీ భయం పోదు.

అయినా ఒకసారి డాక్టరుకు చూపించండి. నులిపురుగులు, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తహీనత మన పిల్లల్లో మామూలే. బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, మలంలో రక్తం ఉంటే ఆలస్యం చేయొద్దు. అవేవీ లేకపోతే రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ రోజు, ఎన్నింటికి, ఆ రోజు ఏ పీరియడ్లు, ఏ పరీక్ష. సోమవారాలు, స్లిప్ టెస్టు రోజులు, పీఈటీ పీరియడ్లు, ఏదో ఒక వరస బయటపడుతుంది. ఇంకొకటి తప్పక అడగండి: బడిలో మరుగుదొడ్డికి వెళ్తోందా? గడియ లేని తలుపుకు భయపడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగని ఆడపిల్లలుంటారు. వాళ్ళకు కావలసింది కౌన్సెలింగ్ కాదు, గడియ.

అల్లరిచేసే పిల్లలు కనిపిస్తారు. లోలోపల భయపడేవాళ్ళను ఎలా కనిపెట్టాలి?

రాసింది చెరిపి చెరిపి కాగితం చిరిగేదాకా రాసేవాళ్ళు, "ఇది కరెక్టేనా మేడం?" అని ఐదుసార్లు అడిగేవాళ్ళు, పైకి చదివే వంతు రాబోతుండగా బాత్‌రూంకి వెళ్ళేవాళ్ళు, నోట్సులో జవాబుండి నోటితో చెప్పలేనివాళ్ళు, 98 మార్కులొచ్చినా పోయిన 2 మార్కులకు ఏడ్చేవాళ్ళు. మంచిపిల్ల అని అందరూ మెచ్చుకునే ఫస్ట్ ర్యాంకు పిల్లే ఒక్కోసారి అందరికంటే ఎక్కువ భయంలో ఉంటుంది. మగపిల్లల్లో ఆందోళన తరచూ కోపంగా బయటికొస్తుంది. కొత్తగా గొడవలు పడుతున్న పిల్లాడిని శిక్షించే ముందు, ఆ గొడవకు ముందు ఏం జరగబోతోందో చూడండి.

ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో నోరు విప్పదు. మొండితనమా?

బడిలో చేరిన మొదటి నెల చాలామంది అంతే. ఆ తర్వాత కూడా నెలకు పైగా సాగితే దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్యగా చూడాలి. పిల్ల మాట్లాడకూడదని అనుకోవట్లేదు, మాట గొంతులో ఆగిపోతోంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకు మారిన పిల్ల విషయంలో మాత్రం ముందు తెలుగులో పలకరించి చూడండి. తెలుగులో జవాబు వస్తే సమస్య భాషది.

బతిమాలడం, చాక్లెట్ ఆశ చూపడం, "ఇవాళ మాట్లాడింది!" అని చప్పట్లు కొట్టించడం మూడూ బెడిసికొడతాయి. సైగతో హాజరు పలకనివ్వండి. తర్వాత స్నేహితురాలి చెవిలో చెప్పడం, ఇంట్లో రికార్డు చేసిన పద్యం టీచరు వినడం, బడి వదిలాక ఖాళీ తరగతిలో అమ్మతో మాట్లాడుతుండగా టీచరు మెల్లగా లోపలికి రావడం. ఒక్కో మెట్టుకు వారాలు పట్టవచ్చు.

## తరగతిలో

పిల్లాడికి ఊపిరాడట్లేదు, వణుకుతున్నాడు. ఆ పది నిమిషాలు ఏం చేయాలి?

1. చుట్టూ చేరినవాళ్ళను పంపేయండి. ఒక్క పెద్దమనిషి పక్కన, పిల్లాడి కంటి ఎత్తులో కూర్చోవాలి.
2. ఉబ్బసం, షుగర్, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నాయేమో హెల్త్ రికార్డులో వెంటనే చూడమని ఒకరికి చెప్పండి. పిల్లికూతలు, పెదాలు నీలంగా మారడం, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి.
3. తక్కువ మాటలు మాట్లాడండి: "ఇది గాబరా. ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది. నేను ఇక్కడే ఉన్నాను."
4. గాలి పీల్చడం కంటే వదలడం మీద ధ్యాస పెట్టించండి. మూడు అంకెలు పీల్చి, ఐదారు అంకెలు నెమ్మదిగా వదలాలి. "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే తల ఇంకా తిరుగుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయించడం ప్రమాదం, వద్దు.
5. తగ్గాక నీళ్ళిచ్చి, కాసేపటి తర్వాత తరగతికే తీసుకెళ్ళండి.

గాబరా సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి తర్వాత దిగుతుంది. చివరి మెట్టులోనే ఎక్కువ బడులు పొరపాటు చేస్తాయి: వెంటనే ఇంటికి పంపేస్తాయి. దాంతో "గాబరా వస్తే ఇంటికి వెళ్తేనే తగ్గుతుంది" అని పిల్లాడి శరీరం నేర్చుకుంటుంది, మరుసటిసారి గాబరా ఇంకా త్వరగా వస్తుంది.

భయపడుతోందని బోర్డు దగ్గరికి పిలవడం మానేశాను. మంచిదేనా?

మీ ఉద్దేశం మంచిదే, కానీ అలాగే వదిలేస్తే భయం పెరుగుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ పిల్లకు హాయిగా ఉంటుంది, ఆ హాయే భయానికి మేత. బలవంతంగా నిలబెట్టడమూ పనిచేయదు, ఎందుకంటే అవమానం జ్ఞాపకంగా మిగిలిపోతుంది. రెంటికీ మధ్య మెట్లు కట్టాలి. పిల్లతోనే కూర్చుని ఒక్కో పనికి 0 నుంచి 10 దాకా భయం ఎంతో అడిగి రాయండి. కూర్చున్నచోటే ఒక వాక్యం చదవడం 3, ముందే చెప్పిన ప్రశ్నకు జవాబివ్వడం 4, స్నేహితురాలితో కలిసి బోర్డు దగ్గర లెక్క చేయడం 6, ఒంటరిగా చేయడం 8. మూడు నాలుగు అంకెల దగ్గర మొదలుపెట్టండి. ఒకే మెట్టు వారంలో కనీసం మూడు నాలుగు సార్లు రావాలి. నెలకోసారి చేయిస్తే ప్రతిసారీ కొత్త భయమే. భయం సగానికి తగ్గాక పై మెట్టు. ఇందులో టీచర్లందరూ ఒకే మాట మీదుండాలి. ఒక సార్ మెట్లు కడుతుంటే ఇంకో సార్ "లే, చెప్పు!" అంటే మళ్ళీ మొదటికొస్తుంది.

భయం ఉంటేనే చదువుతారు కదా?

భయంలో పిల్ల ధ్యాస పాఠం మీద కాక ప్రమాదం మీద ఉంటుంది. మీ ముఖం చూస్తుంది గానీ మీరు చెప్పేది వినదు. లెక్క చేయడానికి బుర్రలో అంకెలు పట్టి ఉంచుకునే శక్తినే ఆందోళన ముందు తినేస్తుంది. అందుకే ఇంటి దగ్గర వచ్చిన లెక్క బోర్డు దగ్గర రాదు. చట్టం మాట కూడా స్పష్టంగా ఉంది: 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. క్రమశిక్షణ అక్కర్లేదని కాదు. తప్పు దిద్దాలి, పని మళ్ళీ చేయించాలి, పక్కకు పిలిచి గట్టిగా చెప్పాలి. నలుగురిలో పరువు తీయకూడదు.

"ఏం కాదులే, భయపడకు" అనకపోతే ఇంకేమనాలి?

ఆ మాట ఒకసారి అంటే తప్పులేదు. రోజుకు ఇరవైసార్లు అడిగి ఇరవైసార్లు చెప్పించుకునే పిల్లకు మాత్రం అది అలవాటైపోతుంది. ముందు భయాన్ని ఒప్పుకోండి, తర్వాత పనివైపు తిప్పండి: "భయమేస్తోంది కదా. పోయినసారి కూడా వేసింది, అయినా చేశావు. ఇప్పుడు మొదట ఏం చేద్దాం?"

## బడికి రానంటే

పది రోజులుగా బడికి రావట్లేదు. కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచమంటారా?

వద్దు. బడికి దూరమైన ప్రతి వారమూ తిరిగి రావడాన్ని కష్టం చేస్తుంది. ముందు కారణం తెలుసుకోండి: ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఒక టీచరంటే భయమా, బస్సా, పేరుకుపోయిన హోంవర్కా, ఇంట్లో అమ్మకు జబ్బా, నాన్న తాగొచ్చి గొడవ చేస్తే అమ్మకు కాపలా ఉంటోందా? హింస, వేధింపు ఉంటే ముందు దాన్ని ఆపాలి. అది ఆపకుండా పిల్లను వెనక్కి పంపడం అన్యాయం.

తర్వాత వెనక్కి రావడానికి తేదీలతో ప్లాన్ రాయండి. మొదటి రెండు రోజులు సాయంత్రం ఖాళీ బడికి వచ్చి క్లాస్ టీచర్‌ని కలవడం. తర్వాత ఇష్టమైన రెండు పీరియడ్లు. తర్వాత మధ్యాహ్న భోజనం దాకా. రెండు మూడు వారాల్లో పూర్తి రోజు. గేటు దగ్గర రోజూ ఒకే మనిషి ఎదురు రావాలి. వదిలిపెట్టే అమ్మానాన్నలు ఒక్క మాట చెప్పి వెళ్ళిపోవాలి, కిటికీలోంచి చూస్తూ నిలబడకూడదు. పాత నోట్సు మొత్తం రాయాలనే షరతు ఎత్తేయండి, సగం ప్రయత్నాలు అక్కడే చెడిపోతాయి. "ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు?" అనే ప్రశ్నకు పిల్లకు ముందే ఒక చిన్న జవాబు నేర్పండి: "ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు పర్వాలేదు." ఇంట్లో ఉన్న రోజు బడి వేళల్లో టీవీ, ఫోన్ ఉండకూడదు. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత సమస్య మళ్ళీ తలెత్తడం మామూలే. సెలవుల ఆఖరి రెండు రోజుల్లో ఒకసారి బడిదాకా నడిపించి తీసుకురండి.

## పరీక్షలు, ఫలితాలు

అన్నీ చదువుతాడు, పరీక్ష హాల్లో మర్చిపోతాడు. ఏం చేయాలి?

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో విడుదల చేసిన సర్వేలో 81 శాతం విద్యార్థులు ఆందోళనకు కారణంగా చదువు, పరీక్షలు, ఫలితాలనే చెప్పారు. మీవాడు ఒంటరి కాదు. చాలామంది పుస్తకం చూస్తూ పదిసార్లు చదువుతారు, మూసి రాయడం సాధన చేయరు. పరీక్షలో అడిగేది రెండోదే. కాబట్టి అసలు పరీక్ష వేళకే, అంత సేపే, కొత్త గదిలో, కనీసం మూడు నమూనా పరీక్షలు మార్కులు ప్రకటించకుండా రాయించండి. హాల్లో మొదటి ప్రశ్న తట్టకపోతే తెలిసిన ప్రశ్నకు వెళ్ళడం అలవాటు చేయండి. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి రెండింటి దాకా చదివించి, టీ పోసి లేపితే గుండె దడ పెరుగుతుంది, చదివింది నిలవదు.

పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజున బడి చేయాల్సింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. ఆ రోజు మనం ఫస్ట్ వచ్చినవాళ్ళకు స్వీట్లు తినిపించి ఫొటోలు తీయిస్తాం. ఫెయిలైనవాళ్ళు ఆ సమయంలో ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఫలితాలకు ముందే, ఫెయిలయ్యే అవకాశమున్నవాళ్ళ జాబితాతో పాటు అనుకున్న మార్కులు రాకపోతే తట్టుకోలేనివాళ్ళ జాబితా కూడా రాసుకోండి. ఒక్కో టీచరు ఐదారుగుర్ని పంచుకుని, ఫలితం వచ్చిన గంటలోపు పిల్లతో, తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడాలి. మూడు విషయాలు చెప్పాలి: సప్లిమెంటరీ పరీక్ష ఉంది, రీకౌంటింగ్‌కు దరఖాస్తు ఎలా చేయాలి, రేపు ఎన్నింటికి బడికి వచ్చి కలవాలి. తల్లిదండ్రులకు ఒకటే మాట: ఈ రెండు మూడు రోజులు పిల్లను ఒంటరిగా వదలొద్దు, బంధువుల పిల్లలతో పోల్చొద్దు.

## హాస్టల్

గురుకులంలో ఐదో తరగతిలో చేరిన పిల్ల రాత్రిళ్ళు ఏడుస్తోంది. తీసుకెళ్ళిపోవాలా?

మొదటి కొన్ని వారాలు ఇంటిమీద బెంగ సహజం. పగలు గడిచిపోతుంది, పడుకునే వేళ ముంచుకొస్తుంది. అందుకే వార్డెన్ ఆ అరగంట గదుల్లో తిరగాలి. ఇంటికి ఫోన్ వారంలో నిర్ణయించిన రోజుల్లో, సాయంత్రం పూట చేయించాలి. పడుకోబోయే ముందు చేయిస్తే ఏడుపు పెరుగుతుంది. ఏడిస్తే ఫోన్ అనే పద్ధతి అసలు వద్దు. అదే మండలం నుంచి వచ్చిన పెద్దక్కను తోడు పెట్టండి. పక్క తడిపితే తెల్లారకముందే గుట్టుగా దుప్పటి మార్చాలి, నలుగురిలో ఆరేయించకూడదు. తల్లిదండ్రులు "ఏడవకపోతే వచ్చే వారం తీసుకెళ్తాను" అని అబద్ధం చెప్పొద్దు. నెల దాటాక కూడా తగ్గకపోయినా, తిండి మానేసినా, బరువు తగ్గినా డాక్టరుకు చూపించి, అప్పుడు తీసుకెళ్ళడం గురించి ఆలోచించండి. ఒక మనిషి పేరు చెప్పగానే లేదా ఒక గది దగ్గరికి వెళ్ళగానే భయపడుతుంటే అది ఇంటి బెంగ అని కొట్టిపారేయకండి.

## ఇల్లు, డాక్టరు

తల్లిదండ్రులకు చెబితే "మా పిల్లకేమైనా పిచ్చా?" అంటారు. ఎలా చెప్పాలి?

జబ్బు పేరు ఎత్తకండి, చూసింది చెప్పండి: "అమ్మా, ఈ నెలలో పాప ఆరు రోజులు రాలేదు. టిఫిన్ బాక్సు తెరవట్లేదు. మీకేమైనా అనిపించిందా?" ముందు వాళ్ళు చెప్పేది వినండి. పీటీఎంలో అందరి మధ్య కాకుండా విడిగా, వీలైతే ఇద్దరితోనూ మాట్లాడండి. కూలికి వెళ్ళేవాళ్ళయితే వాళ్ళ వీలు చూసుకుని పిలవండి, ఒకరోజు కూలి పోగొట్టొద్దు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం అంటే వెక్కిరించకండి. "అది మీ నమ్మకం, ఉండనివ్వండి. దాంతోపాటు డాక్టరుకూ చూపిద్దాం" అంటే చాలు. కొట్టడం, వాతలు పెట్టడం, ఉపవాసం ఉంచడం లాంటివుంటే మాత్రం వెంటనే ఆపించాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? మందులు అలవాటైపోతాయా?

బడిలో ఏర్పాట్లు చేసి నాలుగైదు వారాలైనా మార్పు లేకపోతే, బడికి పూర్తిగా దూరమైతే, తిండీ నిద్రా దెబ్బతింటే వెళ్ళాలి. పిల్లల ఆందోళనకు మొదట ఇచ్చేది సీబీటీ అనే చికిత్స. ఇందులో ఆలోచనల్ని పరీక్షించుకోవడం, భయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కోవడం నేర్పుతారు. అది చాలనప్పుడు సైకియాట్రిస్టు ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులు రాస్తారు. ఇవి మత్తుమందులు కావు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లో కనిపెట్టి ఉండాలి. సొంతంగా ఆపకూడదు. అలవాటయ్యే ప్రమాదం నిద్రమాత్రల వంటి వాటితో ఉంది. మందుల షాపులో అడిగి తెచ్చి పిల్లలకు ఎప్పుడూ ఇవ్వొద్దు.

ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం గురించి అడగండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

పిల్ల నాకు చెప్పిన విషయం రహస్యంగా ఉంచాలా?

"ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే నేను సాయం పిలవాల్సి వస్తుంది, నీకు చెప్పే పిలుస్తాను" అనండి. మిగతా విషయాలు స్టాఫ్ రూంకి వెళ్ళకూడదు. తోటి టీచర్లకు తెలియాల్సింది ఏం చేయాలో అంతే: "పైకి చదివించేముందు ఒకరోజు ముందు చెప్పండి." లైంగిక వేధింపు గురించి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పిల్లల రక్షణకు 1098 ఉంది.

నోట్‌బుక్‌లో "చనిపోవాలనుంది" అని రాసింది. ఆమెతో ఆ మాట ఎత్తితే ప్రమాదమా?

ఎత్తకపోవడమే ప్రమాదం. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పక్కకు పిలిచి, దగ్గర కూర్చుని నెమ్మదిగా, సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?" తిట్టకండి, ఒట్టు వేయించకండి, అమ్మానాన్నల పరువు గురించి మాట్లాడకండి. క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు, బాత్‌రూంకైనా తోడు వెళ్ళాలి. హెచ్‌ఎంకు చెప్పి తల్లిదండ్రుల్ని అప్పుడే పిలిపించి, పిల్లను చేతికి అప్పగించండి, బస్సులో పంపకండి. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు తాళం వేసి పెట్టమని, వీలైతే ఇంట్లోంచే తీసేయమని చెప్పండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దారి తోచకపోతే 14416, ప్రాణాపాయం ఉంటే 108. తిరిగి వచ్చిన రోజు ఎవరు పలకరించాలో, ఎవరితో కూర్చోవాలో ముందే అనుకోండి.

## ఏడాది చివర

ఇదంతా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

మార్కుల్లో వెంటనే కనబడదు. టర్ముకోసారి ఇవి లెక్కపెట్టండి: వరసగా మూడు రోజులకు మించి రాని పిల్లలెందరు, తలనొప్పి కడుపునొప్పి అని ఆఫీసు రూంకి వచ్చినవాళ్ళెందరు, టీసీ తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళెందరు. పేరు రాయని చీటీల మీద పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి: "బడిలో నీకు భయమేసే చోటు ఏది? కష్టమొస్తే చెప్పుకునే పెద్దవాళ్ళున్నారా?" మొదటి ప్రశ్నకు ఒకే చోటు పేరు పదిసార్లు వస్తే మరుసటి వారమే అక్కడ ఒక టీచరుకు డ్యూటీ వేయండి. మొదటి టర్ములో సాయం అడిగేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. అది వైఫల్యం కాదు, పిల్లలు చెప్పడం మొదలుపెట్టారని అర్థం. ఏప్రిల్‌లో క్లాస్ టీచర్లు మారేముందు ఒక్కో పిల్ల గురించి అరపేజీ రాసి తర్వాతి టీచరుకు చేతికివ్వండి: ఏది భయపెడుతుంది, ఏది పనిచేసింది, ఏ మెట్టు దగ్గర ఉన్నారు. లేకపోతే జూన్‌లో అంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.